ఎర్రనోటి వాళ్ళ పెద్దమ్మ

ఎర్రనోటి ముసలామె ఐదు రోజుల పాటు ఆసుపత్రిలో మా అక్క రక్తం తాగిందని మా వీధిలో అంటారు. బొటనవేలు నోట్లో పెట్టుకుని పీల్చిందట. మొదటి రోజు అక్క పెదాలు తెల్లబడ్డాయట. మూడో రోజుకి ఒళ్ళంతా పాలిపోయిందట. ఐదో రోజుకి ముసలామె జుట్టు మొదళ్ళలో నల్లబడటం మొదలైందట. ఈ మాట చెప్పేవాళ్ళలో ఆ గదిలో ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. తలుపు దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూసిన ఆయా మాత్రం ఉంది. ఆ నిమిషంలో ఆమె చూసింది ఉత్త అబద్ధం కాదు. అందుకే ఈ మాట ఇన్నాళ్ళు నిలబడింది.

నేను ఆ గదిలోనే ఉన్నాను కాబట్టి జరిగింది రాస్తున్నాను.

ఎర్రనోటి వాళ్ళ గురించి మాకు ముందు చెప్పింది జిగురాయన. అక్కా నేనూ పుస్తకాలు బైండింగు చేసే షాపులో పనిచేసేవాళ్ళం. అక్క కాగితాల ఫారాలు సూదితో కుట్టేది. నేను ఏడో తరగతి సగంలో మానేసి వచ్చి మడతలు వేసేదాన్ని. జిగురాయన అట్టలు అంటించేవాడు. చేతులు జిగురులో ఉంటే ఆయన నోరు ఊరుకునేది కాదు.

"ఆ వంశానికి మొదలు ఒక ఆడమనిషి," అనేవాడు. "ఒకప్పుడు దొరగారి కూతురికి విషజ్వరం. వైద్యులంతా చేతులెత్తేశారు. ఈవిడ వచ్చి, జ్వరం రక్తంలో ఉంది, ఆ రక్తం నాకిచ్చెయ్యండి అంది. తాగేసింది. పిల్ల లేచి కూర్చుంది. కానీ తాగినావిడకి దాహం తీరలేదు. కూతురికి అంటుకుంది, మనవరాలికి అంటుకుంది. అలా వస్తోంది."

"మరి మగవాళ్ళకి అంటుకోలేదా?" అని అక్క సూది ఆపకుండా అడిగేది.

"మగవాళ్ళకి వేరే దాహాలు ఉన్నాయిగా, ఇంకోటి ఎందుకు?" అనేది కటింగ్ మిషన్ దగ్గరి ఆవిడ. షాపంతా నవ్వేది. జిగురాయన మాత్రం నవ్వేవాడు కాదు.

"నవ్వండి. వాళ్ళు పిలవకుండా గడప తొక్కరు. ఒకసారి పిలిస్తే వినరు, రెండోసారి పిలిస్తే పలకరు, మూడోసారి పిలిచారా, ఇక వదలరు. ఎండలోకి రారు. కరిచినచోట మూడు గీతల గుర్తు పడుతుంది. వెల్లుల్లి వాసన తగిలితే మాత్రం ఆమడ దూరం పోతారు."

వాళ్ళకి చావు లేదని కూడా చెప్పేవాడు. దానికి సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది. మా నాన్నమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు చూసిన ముసలామె ఒంటి మీద మోకాళ్ళ కిందికి దిగే బూడిదరంగు కోటు ఉండేదట. నేను చూసిన ముసలామె ఒంటి మీద కూడా అదే కోటు. మూడో బొత్తాం లేదని నాన్నమ్మ చెప్పింది. నేను చూశాను, లేదు.

తోలు గోదాముల వెనక వీధిలో ఆ ఇల్లు చివరిది. పిల్లలు అటు వెళ్ళేవాళ్ళు కాదు. పెద్దవాళ్ళు కూడా వేరే దారి ఉంటే ఆ దారినే పోయేవాళ్ళు.

ఒక మంగళవారం పొద్దున కటింగ్ మిషన్ ఆవిడ రాలేదు. పుస్తకాలు సాయంత్రానికి వెళ్ళాలి. అక్క మిషన్ దగ్గర నిలబడింది. కాగితాల దొంతరను సరిచేస్తుండగా కత్తి దిగింది. అక్క అరవలేదు. "అయ్యో, కాగితాలు," అంది. తెల్లటి దొంతర మీద ఎర్రగా పాకుతుంటే అదే ఆమెకి ముందు కనిపించింది. కుడిచేతి బొటనవేలు నేల మీద కత్తిరింపుల కుప్పలో పడి ఉంది. జిగురాయనే దాన్ని వెతికి తీశాడు. కడిగి, గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచీలో వేసి, ఆ సంచీని మంచు ముక్కల్లో పెట్టి నా చేతికిచ్చాడు. దారి పొడుగునా ఆ చల్లదనం నా ఒళ్ళో ఉంది.

ఆసుపత్రిలో సన్నటి కుర్ర డాక్టరు ఒకాయన ఏడు గంటలు కష్టపడి దాన్ని మళ్ళీ అతికించాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడు పొద్దున కట్టు విప్పేసరికి వేలు వంకాయ రంగులో ఉబ్బి ఉంది.

డాక్టరు మంచం అంచున కూర్చుని మాకు అర్థమయ్యేలా చెప్పాడు. "రక్తం లోపలికి వెళ్తోంది. తిరిగి రావడానికి దారి లేదు. తీసుకొచ్చే నాళాలు నలిగిపోయాయి. కొత్తవి పుట్టడానికి నాలుగైదు రోజులు పడుతుంది. అప్పటిదాకా ఆ చెడ్డ రక్తాన్ని తీసేస్తూ ఉండాలి."

"తీసెయ్యండి బాబూ," అంది అమ్మ.

"నేను తీసేది కాదమ్మా. జలగలు పట్టించాలి. మా దగ్గర లేవు. తెప్పిస్తే వారం పడుతుంది. ఈ వేలికి అంత టైము లేదు. సాయంత్రం దాకా చూస్తాను. తర్వాత తీసెయ్యక తప్పదు, లేకపోతే చెయ్యంతా చెడుతుంది."

రేపో మాపో రిటైరయ్యే నర్సు ఒకామె సెలైన్ సీసా మారుస్తోంది. ఆమె వెనక్కి తిరక్కుండానే అంది: "తోలు గోదాముల వెనక ఒకామె ఉంది సార్. వాళ్ళు తరతరాలుగా జలగలు పట్టించేవాళ్ళే. నేను కొత్తగా చేరినప్పుడు ఇక్కడికీ వచ్చేది. తర్వాత ఎవరూ పిలవలేదు."

అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఆ ఇంటి మనిషినా? నా పిల్ల మంచం దగ్గరికా? మీకు పుణ్యముంటుంది, ఆ మాట ఎత్తకండి."

అక్క అప్పటిదాకా కళ్ళు మూసుకునే ఉంది. "అమ్మా," అంది. "బొటనవేలు లేకపోతే నేను సూది పట్టుకోలేను. సూది పట్టుకోలేకపోతే మనం ఏం తిని బతుకుతాం? తాగితే తాగనీ. ఎంత తాగుతుందో తాగనీ." నా వైపు చూసింది. "నువ్వెళ్ళవే. పరిగెత్తు."

పరిగెత్తాను. మిట్టమధ్యాహ్నం. ఆ ఇంటి కిటికీలు మూసి ఉన్నాయి. తలుపు కొట్టాను. లోపల అడుగుల చప్పుడు వచ్చి తలుపు దగ్గర ఆగిపోయింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. పిలవాలని గుర్తొచ్చింది. ఏమని పిలవాలి? ఆమె పేరు మాకెవరికీ తెలియదు. ఎర్రనోటమ్మా అని పిలవలేను కదా. బజారులో బేరం కూడా గొంతెత్తి ఆడలేని దాన్ని, వీధి మధ్యలో నిలబడి, "పెద్దమ్మా!" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

మళ్ళీ పిలిచాను. ఎదురింట్లో ఒక కిటికీ తెరుచుకుంది. వేలు రంగు కళ్ళ ముందు మెదిలింది. సిగ్గూ భయమూ ఎటు పోయాయో తెలియదు. "పెద్దమ్మా! మా అక్క వేలు పోతోంది, రా పెద్దమ్మా!" అని గొంతు చించుకుని అరిచాను. వీధిలో ఉన్న కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

తలుపు తీసింది. పొట్టి మనిషి. నోరు ఎర్రగా లేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నేను చెప్పింది విని, ఏ వేలు, ఎప్పుడు తెగింది, ఇప్పుడు ఏ రంగు అని మూడే ప్రశ్నలు అడిగింది. లోపలికి వెళ్ళి కోటు వేసుకుని, మూతికి నల్లగుడ్డ కట్టిన మట్టి జాడీ ఒకటి చంకలో పెట్టుకుని వచ్చింది. లోపల గదిలో గోడ మీద ఇంకో రెండు పాత కోట్లు, అతుకుల కోసం అక్కడక్కడా కత్తిరించినవి, వేలాడుతున్నాయి.

ఎండలోనే నడిచాం. జాడీకి ఎండ తగలకుండా కోటు కప్పింది. ఎండకి జలగలు చచ్చిపోతాయట, అందుకే వాళ్ళమ్మ పొద్దున పూటా సాయంత్రం పూటా తప్ప బయల్దేరేది కాదట. కోటు వాళ్ళ అమ్మమ్మదట, నీళ్ళు పీల్చని బట్ట, ఇప్పుడు దొరకదట. నేనేమీ అడగలేదు. తనే చెప్పుకుంటూ నడిచింది.

"మూడుసార్లు పిలిపించుకున్నానని కోపమొచ్చిందా అమ్మాయ్?"

తల అడ్డంగా ఊపాను.

"ఒకసారి పిలిస్తే ఎవరికీ వినబడదు. మూడుసార్లు పిలిస్తే కిటికీలు తెరుచుకుంటాయి. రేపు మీవాళ్ళు, మేం పిలవలేదు, అదే వచ్చి దూరింది అంటే, కాదని చెప్పడానికి పదిమంది ఉంటారు. మా అమ్మమ్మని ఒక ఇంట్లో అలాగే అన్నారు."

"ఏం చేశారు?" అన్నాను.

"నువ్వు ఆమె చేతులు చూడలేదు. చూడకపోవడమే మంచిది."

ఆసుపత్రి మెట్ల దగ్గర ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. చెప్పడానికి నేను ముందుగా గదిలోకి పరిగెత్తాను. అక్క మందుకి మత్తుగా పడుకుని ఉంది. అమ్మ మంచం మీదికి వంగి, నలిపిన వెల్లుల్లి రెబ్బతో కుట్ల పక్కనా, గోరు చుట్టూ, మణికట్టు మీదా రాస్తోంది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది.

"నోరెత్తకు. వేలు బాగుచేస్తే చెయ్యనీ. ఇది రాస్తే ప్రాణం జోలికి మాత్రం రాలేదు." నర్సు ట్రేలో ఉన్న స్పిరిట్ దూదితో పైపైన తుడిచేసింది. గదిలో ఇక స్పిరిట్ వాసన తప్ప ఏమీ లేదు.

నేను నోరెత్తలేదు. అమ్మకు భయపడి మాత్రమే కాదు. జిగురాయన కథలు నాలోనూ ఉన్నాయి.

పెద్దమ్మ చేతులు మామూలు నీళ్ళతో చాలాసేపు కడుక్కుని మంచం పక్కకి వచ్చింది. జాడీలోంచి ఒక జలగను తీసింది. వేలెడు పొడుగు, నల్లగా, నడుము మీద సన్నటి పచ్చ గీతలు. వేలి కొసన ఆనించింది. అది తల చాచి, తాకి, ముడుచుకుపోయింది. మళ్ళీ ఆనించింది. మళ్ళీ ముడుచుకుంది. ఇంకోదాన్ని తీసింది. అదీ అంతే. మూడోది వేలి మీంచి దొర్లి దుప్పటి మీద పడింది.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. ముఖం వాడిపోయింది. "జలగ పట్టడం లేదంటే లోపల రక్తం తిరగడం లేదని అర్థం. చచ్చిపోయిన మాంసాన్ని అది ముట్టుకోదు," అన్నాడు. నర్సుతో నెమ్మదిగా, "థియేటర్ సిద్ధం చెయ్యమనండి," అన్నాడు.

అక్కకి మెలకువ వచ్చింది. "సిద్ధం అంటే ఏంటి? ఏం సిద్ధం చేస్తున్నారు?" అంది. అమ్మ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"ఆగండి," అంది పెద్దమ్మ. వేలి కొసని నొక్కి వదిలింది. తెల్లబడిన చోటికి నల్లటి రంగు వెంటనే తిరిగొచ్చింది. "చూడండి బాబూ. బతికే ఉంది. నా పిల్లలు తిని ఆరు నెలలైంది, ఆకలి మీదున్నారు. ఎందుకు పట్టరు?"

అప్పుడామె అక్క చెయ్యిని రెండు చేతులతో పైకెత్తి, ఆ బొటనవేలిని తన నోటి దగ్గరికి తెచ్చుకుంది.

అమ్మ కేక పెట్టింది. తలుపు దగ్గర బకెట్ కింద పడిన చప్పుడు, ఆయా చెప్పులు టపటపమంటూ వరండాలో పరిగెత్తిన చప్పుడు వినబడ్డాయి. పెద్దమ్మ అవేవీ పట్టించుకోలేదు. కళ్ళు మూసుకుని వేలిని వాసన చూస్తోంది. ముక్కు తగిలేంత దగ్గరగా.

"ఏం రాశారు?"

"స్పిరిట్ అయి ఉంటుంది," అన్నాడు డాక్టరు.

"స్పిరిట్ ఎగిరిపోతుంది. ఇంకేదో ఉంది. నా ముక్కు ముసలిదైపోయింది, పట్టుకోలేకపోతున్నాను. ఏం రాశారమ్మా?"

"నేనేం రాయలేదు," అంది అమ్మ.

పెద్దమ్మ నా వైపు చూసింది. అమ్మా చూసింది. తలుపు బయట చక్రాల మంచం వస్తున్న చప్పుడు దగ్గరవుతోంది.

"వెల్లుల్లి," అన్నాను.

పెద్దమ్మ తిట్టలేదు. "ఆ వాసనుంటే ఇవి పట్టవు. అందుకే మా ఇంట్లో వండుకోం. అంతకంటే ఏమీ లేదు," అంది. డాక్టరు వైపు తిరిగి, "కొంచెం టైమివ్వండి," అంది.

"ఐదింటికి వస్తాను," అన్నాడు డాక్టరు. "ఆ తర్వాత నా చేతుల్లో లేదు."

అప్పుడు మూడు దాటింది. పెద్దమ్మ దూదిని నీళ్ళలో ముంచి తుడిచి, కుట్లకి తగలకుండా పిండి ముద్దతో అద్ది, మళ్ళీ తుడిచి, మళ్ళీ అద్దింది. వెల్లుల్లి చర్మంలోకి ఇంకితే తేలిగ్గా పోదట. నేను గిన్నెల్లో నీళ్ళు మారుస్తున్నాను. నాలుగింటికి ఒక జలగను ఆనించింది. పట్టలేదు. వేలు ఇప్పుడు నల్లబడుతోంది. అమ్మ గోడ దగ్గరే కూర్చుని, వెల్లుల్లి రాసిన తన వేళ్ళను నేలకేసి రుద్దుతోంది. చర్మం లేచిపోయినా ఆపలేదు. "నా చేతులతో నేనే చేశాను. నా చేతులతో నేనే," అంటోంది. అక్క పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. నాలుగున్నరకి ఇంకోటి. అదీ పట్టలేదు.

పెద్దమ్మ మంచం అంచుని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తుడుస్తోంది. "రావే తల్లీ, రావే," అంటోంది. అంటున్నది జలగతోనో వేలితోనో తెలియలేదు. ఐదుకి పది నిమిషాలుందనగా సూదితో కొసన గుచ్చి, నల్లటి చుక్క ఒకటి పైకి తెప్పించి, దాని మీద ఆనించింది. జలగ తాకింది. వెనక్కి తగ్గింది. మళ్ళీ తాకి, తల వంచి, అక్కడే ఆగిపోయింది. కాసేపటికి దాని మెడ దగ్గర చిన్న అలలాంటిది కదిలింది.

డాక్టరు వచ్చేసరికి అది రెండింతలు లావెక్కి ఉంది. వేలు వంకాయ రంగులోంచి కొంచెం వెనక్కి వచ్చింది. ఆయన చక్రాల మంచం వెనక్కి పంపేశాడు.

అయితే అది మొదటిది మాత్రమే. వేలు నాలుగైదు గంటలకోసారి మళ్ళీ నల్లబడేది. జాడీలో ఇరవై మూడు ఉన్నాయి. ఒకసారి రక్తం తాగిన దాన్ని మళ్ళీ వాడకూడదని డాక్టరు చెప్పాడు. అందుకని పని పూర్తయిన ప్రతి జలగనూ నర్సు స్పిరిట్ సీసాలో వేసేది. ఆ సమయంలో పెద్దమ్మ కిటికీ వైపు తిరిగేది. మధ్యలో విరామాల్లో బయట బెంచీ మీద కూర్చోబోతే ఆయా, "ఇది రోగుల తాలూకు వాళ్ళకి," అని లేపేసింది. మెట్ల మీదకి వెళ్ళింది. అక్కడ జనం దారి మార్చుకుని పక్క మెట్లు ఎక్కారు.

మూడో రోజు అక్కకి రక్తం ఎక్కించారు. జలగ వదిలాక కూడా గంటల తరబడి కారుతూనే ఉండేది మరి. వేలి కొసన మూడు గీతల గుర్తులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. జలగకి మూడు దవడలు ఉంటాయట. అక్క పాలిపోయి, మాట నీరసంగా వస్తున్నా, హాస్యం మానలేదు.

"పెద్దమ్మా, నా రక్తం రుచి ఎలా ఉందంటున్నారు మీ పిల్లలు?"

"జిగురు వాసనొస్తోందంటున్నారు. మానేసి వెళ్ళిపోతామంటే నేనే బతిమాలి కూర్చోబెట్టాను."

నాలుగో రోజు సాయంత్రానికి జాడీలో నాలుగు మిగిలాయి. ఐదో రోజు పొద్దున ఒకటి. వేలు ఇంకా నల్లబడుతూనే ఉంది.

"ఇంకెక్కడా దొరకవా?" అని నర్సు అడిగింది.

"ఇవి పుట్టే మడుగులు ఎప్పుడో పూడ్చేశారమ్మా. మా అమ్మ పెంచినవాటి పిల్లల పిల్లలివి," అంది పెద్దమ్మ. ఆఖరిదాన్ని అరచేతిలో పెట్టుకుని కొంచెంసేపు చూసింది. తర్వాత వేలికి ఆనించింది. అది వెంటనే పట్టింది.

ఆ మధ్యాహ్నమంతా మేం ఆ వేలినే చూస్తూ ఉన్నాం. గంట. రెండు గంటలు. ఐదు గంటలు. డాక్టరు వచ్చి సూదితో గుచ్చాడు. ఎర్రటి చుక్క లేచింది. నలుపు కాదు. మళ్ళీ గుచ్చాడు. ఎరుపే. ఆయన స్టూలు మీద కూలబడి రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

వేలు నిలిచింది. గోరు ఊడిపోయింది, వంగదు, చల్లా వేడీ తెలియవు. కానీ దాని మీద సూది ఆనుతుంది. అక్క ఇప్పుడు మునుపటంత వేగంగా కుట్టలేదు. కుడుతుంది.

పెద్దమ్మ కోటు వేసుకుని వెళ్ళేటప్పుడు అమ్మ కిటికీ దగ్గర వీపు తిప్పి నిలబడింది. నేను మెట్ల దాకా వెళ్ళాను. చెప్పుల్లో ఆమె పాదాలు ఉబ్బి, పట్టీలు చర్మంలోకి దిగబడి ఉన్నాయి. మరుసటి ఏడాది ఆమె పోయింది. వంశంలో ఆమె తర్వాత ఎవరూ లేరు. పోలేదనీ, మా అక్క రక్తంతో పడుచుదై వేరే ఊరు చేరిందనీ జిగురాయన చెబుతున్నాడు. అక్క ఒక పక్క కూర్చుని కాదంటున్నా చెబుతూనే ఉన్నాడు.

పెద్దమ్మకి అప్పుడు డెబ్బై రెండేళ్ళు. ఆ మంచం పక్కన ఒక్క కుర్చీయే ఉండేది. ఐదు రోజులూ జలగ పట్టినంతసేపూ ఆమె నిలబడే ఉంది. కుర్చీలో అమ్మ లేనప్పుడు నేను కూర్చున్నాను.